మన తరం కాపురాలు - కుటుంబ నియంత్రణ

(సంఘం మహిళా విభాగం ఏర్పాటు చేసిన సమావేశంలో, ఆరోగ్యశాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన సభ్యురాలొకరు చేసిన ప్రసంగ పాఠం. పలువురు సభ్యుల కోరికపై ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము. - సంపాదకవర్గం)



ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పమని మహిళా విభాగం వారు అడిగితే, "మగవాళ్ళు కూడా వస్తారా?" అని అడిగాను. వస్తారన్నారు. "అయితే తప్పకుండా చెబుతాను" అన్నాను. ఉద్యోగం చేసినంత కాలం ఈ సంగతులు ఆడవాళ్ళకు పెరటి వైపు కూర్చుని నేను చెప్పేదాన్ని, మగవాళ్ళకు వీధి అరుగు మీద మా మేల్ వర్కర్లు చెప్పేవారు. భార్యాభర్తలిద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి చెప్పే అవకాశం పింఛను తీసుకోవడం మొదలుపెట్టాకే వచ్చింది. (నవ్వులు)

ఈ వయస్సులో ఈ మాటలెందుకు, పిల్లలకు పిల్లలు పుట్టేశారు కదా అని కొందరికి అనిపించవచ్చు. రెండు కారణాలు మనవి చేస్తాను. మన ఇళ్ళలో ఇప్పుడు మనవళ్ళకు, మనవరాళ్ళకు పెళ్ళిళ్ళవుతున్నాయి. వాళ్ళ కాపురాల్లో మనం తెలిసో తెలియకో తలదూరుస్తూ ఉంటాము. అది మొదటి కారణం. ఇక, మన తరం ఆడవాళ్ళు ఈ విషయంలో మోసిన బరువు ఎంతో ఎవరూ లెక్క రాయలేదు. జీతాల బిల్లులు, సర్వీసు రిజిస్టర్లు రాసిన మనం ఆ లెక్క కూడా ఒకసారి చూసుకోవడం న్యాయం అనుకుంటున్నాను.

ముందు ఇళ్ళ సంగతి

మనలో ఎక్కువమందికి 1960లు, 70లలో పెళ్ళిళ్ళయ్యాయి. శారదా చట్టం 1929లో వచ్చినప్పుడు ఆడపిల్ల పెళ్ళికి కనీస వయస్సు 14 అన్నారు. 1949లో దాన్ని 15 చేశారు. ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 అన్నది 1978 సవరణతో వచ్చింది. కనుక నా ఈడు సోదరీమణులకు పదహారు, పదిహేడేళ్ళకే పెళ్ళయిందంటే చట్టం కూడా అడ్డు చెప్పలేదు. మెట్రిక్ పరీక్షల నంబరు పేపర్లో పడకముందే పెళ్ళి శుభలేఖ అచ్చయిన వాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు.

కాపురానికి వెళ్ళిన ఇల్లు ఎలా ఉండేది? మామగారి మంచం వీధి అరుగు మీద, అత్తగారి పక్క నడవలో, మరుదులు డాబా మీద, ఆడపడుచులు మధ్య గదిలో. కొత్త దంపతులకు అలంకరించిన గది మూడు రాత్రులే. ఆ తరువాత ధాన్యం బస్తాల పక్కనో, సామాన్ల కొట్టులోనో చోటు. తలుపు గడియ పడిన చప్పుడు ఇంటిల్లిపాదికీ వినబడేది. పొద్దున లేవడం ఒక్క అరగంట ఆలస్యమైతే ఎవరో ఒకరు దగ్గేవారు. పగలు పెద్దల ఎదుట భర్తతో మాట్లాడకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. మంచినీళ్ళ చెంబు అందించేటప్పుడు అన్న రెండు ముక్కలే ఆ రోజుకు సంభాషణ. ఊళ్ళో ఉన్న భర్త ఉత్తరం రాస్తే ఆ ఇన్‌లాండ్ లెటరు ముందు మామగారి చేతికి వెళ్ళేది. అందులో "అందరూ క్షేమమని తలుస్తాను" తప్ప ఏం రాస్తాడు?

చీకట్లో గుసగుసగా కూడా మాట్లాడుకోలేని ఇంట్లో, "మనకు ఇప్పుడే పిల్లలు వద్దు, రెండేళ్ళు ఆగుదాం" అనే మాట ఎలా పుడుతుంది? మందులూ సాధనాలూ లేవనుకుంటాము. మందుల కన్నా ముందు మాట లేదు. మన ఉద్యోగాలు ఈ విషయంలో గొప్ప మేలు చేశాయి. బదిలీ మీద పరాయి ఊరు వెళ్ళి, ముప్ఫై రూపాయల అద్దెకు ఒక గది, వంటిల్లు ఉన్న వాటా తీసుకున్న రోజునే చాలామంది దంపతులు మొదటిసారి మనసు విప్పి మాట్లాడుకున్నారు. ప్రభుత్వోద్యోగం మనకు జీతమే కాదు, తలుపుకు గడియ కూడా ఇచ్చింది.

పెద్దల ఆచారాల్లో ఉన్నదీ, లేనిదీ

మన పెద్దలకు ఈ సంగతులు అసలే తెలియవనుకోవద్దు. ఆషాఢమాసంలో కొత్త కోడలిని పుట్టింటికి పంపేవారు. ఆషాఢంలో నెల తప్పితే తొమ్మిది నెలలకు చైత్ర వైశాఖాలు, మండుటెండల్లో పురుడు వస్తుంది. ఆ రోజుల్లో పురిటిగదిలో గాలి లేదు, ఆసుపత్రి దగ్గర లేదు. పొలం పనులు మొదలయ్యే రోజులు కూడా కావడం మరో కారణమంటారు. తొలికాన్పు పుట్టింట్లోనే. ఏడో నెలలో వెళ్ళిన పిల్ల బిడ్డకు అయిదో నెల వస్తేగాని తిరిగి అత్తవారింటికి వచ్చేది కాదు. ఆ విధంగా కొంత ఎడం దానంతటదే వచ్చేది.

"చంటిపిల్ల పాలు తాగుతున్నంత కాలం మళ్ళీ కడుపు రాదు" అనే మాట ప్రతి ఇంట్లోనూ ఉండేది. ఇందులో కొంత నిజముంది. 1988లో ఇటలీలోని బెల్లాజియోలో సమావేశమైన నిపుణులు దీన్ని సమర్థించారు. అయితే మూడు షరతులున్నాయి. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు. బిడ్డ పూర్తిగా, లేదా దాదాపు పూర్తిగా తల్లిపాల మీదే ఉండాలి. తల్లికి ముట్టు తిరిగి మొదలు కాకూడదు. ఈ మూడూ ఉంటే నూటికి 98 పాళ్ళు రక్షణ ఉంటుంది. ఒక్కటి తప్పినా లేదు. మనవాళ్ళు షరతులు వదిలేసి ధైర్యం ఒక్కటే పట్టుకున్నారు. రెండేళ్ళ బిడ్డకు పాలిస్తూనే "నెల తప్పింది, ఇదెలా జరిగిందమ్మా" అని వచ్చిన తల్లులు నా రిజిస్టరులో చాలామంది.

ఇంకొక నమ్మకం దీనికన్నా ప్రమాదకరమైనది. తలంటు పోసుకున్న నాలుగైదు రోజుల్లోనే గర్భం వస్తుందని, రెండు వారాలు దాటితే ఇక భయం లేదని అనుకునేవారు. శరీరం లెక్క అది కాదు. వచ్చే ముట్టుకు సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. అది ఒక రోజు బతుకుతుంది. మగవాడి బీజకణాలు అయిదు రోజుల దాకా బతికి ఉండగలవు. ఇరవై ఎనిమిది రోజులకు ముట్టు వచ్చే స్త్రీకి నెల మధ్యలోనే గర్భం వచ్చే అవకాశం ఎక్కువ. జాగ్రత్తపడుతున్నామనుకున్న జంటలు సరిగ్గా ఆ రోజుల్లోనే దగ్గరయ్యేవారు. తీరా నెల తప్పితే "దేవుడి దయ" అనేవారు. మూడో, నాలుగో కాన్పుకు ఆ దయ ఎంత భయంగా ఉంటుందో ఆడవారికే తెలుసు.

ఆ భయంతో నువ్వులు, బెల్లం, బొప్పాయి తిన్నవారు కొందరు. అవి పనిచేయక మంత్రసాని దగ్గర పుల్ల పెట్టించుకుని, సెప్టిక్ అయి, ఆసుపత్రికి ఎడ్లబండి మీద వచ్చినవారు కొందరు. అందరూ తిరిగి ఇంటికి వెళ్ళలేదు. గర్భస్రావం చట్టరీత్యా చేయించుకునే వీలు 1971 చట్టంతో, 1972 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. ఆ చట్టం వచ్చాక కూడా ఊళ్ళో తెలిస్తే పరువు పోతుందని దొంగచాటు వైద్యానికే వెళ్ళిన ఇళ్ళున్నాయి.

పూసల దండ నుంచి లూప్ దాకా

ఈ ఉద్యమం ప్రభుత్వం కన్నా ముందే మొదలైంది. రఘునాథ్ ధోండో కార్వే అనే లెక్కల ప్రొఫెసరు గారు 1921లోనే బొంబాయిలో కుటుంబ నియంత్రణ క్లినిక్ పెట్టారు. ఆ అభిప్రాయాల వల్లే ఆయన ఉద్యోగం పోయింది. 1927 నుంచి మరాఠీలో పత్రిక నడిపి, కోర్టు కేసులు కూడా ఎదుర్కొన్నారు. 1930లో మైసూరు సంస్థానం ప్రభుత్వమే క్లినిక్కులు తెరిచింది. 1935 డిసెంబరులో అమెరికా నుంచి మార్గరెట్ శాంగర్ వార్ధాకు వచ్చి గాంధీ గారితో చర్చించారు. సాధనాలు వద్దు, నిగ్రహమే మార్గమని గాంధీ గారు అన్నారు. స్త్రీకి తన శరీరం మీద అధికారం కావాలని ఆమె అన్నారు. ఇద్దరూ ఏకాభిప్రాయానికి రాలేదు. నిగ్రహం మంచిదే. కాని ఎనిమిది మంది ఉన్న ఇంట్లో దొరికే ఒక్క గంట ఏకాంతంలో నిగ్రహం ఎవరు పాటించాలి, పాటించకపోతే ఫలితం ఎవరు మోయాలి? ఈ ప్రశ్నకు ఆ రోజుల్లో జవాబు రాలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టిన మొదటి దేశం మనదే. అప్పటి ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృతకౌర్ గారు గాంధీ గారి శిష్యురాలు. ఆమె రోజుల లెక్క పద్ధతినే మొదట అంగీకరించారు. మైసూరు రాష్ట్రంలోని రామనగరంలోను, ఢిల్లీలోని లోడీ కాలనీలోను ఆ ప్రయోగం జరిగింది. చదువు రాని స్త్రీలకు రోజులు గుర్తుండటానికి రంగుపూసల దండలిచ్చారు. ఒక రంగు పూస వస్తే భయం లేదు, ఇంకొక రంగు వస్తే దూరంగా ఉండాలి. దీపం ఆర్పాక రంగు ఎలా తెలుస్తుందని అడిగిన వాళ్ళున్నారట. (నవ్వులు) నవ్వు వచ్చినా ఆలోచించవలసిన విషయముంది. దండ భార్య మెడలో వేశారు. "ఈ రోజు వద్దు" అని చెప్పే అధికారం మాత్రం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. దండ విఫలమైంది అక్కడే.

1965లో లూప్ వచ్చింది. ప్లాస్టిక్‌తో మెలికలు తిరిగి ఉండేది. ఊరూరా క్యాంపులు పెట్టి వేశారు. మంచి సాధనమే. కాని వేసే ముందు పరీక్ష చేయడానికి, వేశాక వచ్చి చూడటానికి తగినంత మంది లేడీ డాక్టర్లు లేరు. మొదటి నెలల్లో కొందరికి ముట్టు ఎక్కువ అవుతుంది, నడుము నొప్పి వస్తుంది. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఓర్చుకునేవారు. చెప్పకపోవడంతో పుకారు పుట్టింది. అది పైకి పాకి గుండెకు చేరుతుందన్నారు, మగవాడికి షాకు కొడుతుందన్నారు. రెండు మూడేళ్ళు తిరిగేసరికి లూప్ మాటెత్తితే పెరటి తలుపు వేసేవారు. నేను ఉద్యోగంలో చేరే నాటికి కూడా ఆ భయం పోలేదు. సాధనంలో లోపం కన్నా చెప్పని మాట ఎక్కువ నష్టం చేసింది.

పదిహేను పైసల పొట్లం

1968లో నిరోధ్ వచ్చింది. మూడింటి పొట్లం పదిహేను పైసలు. టీ పొడి, సబ్బులు, సిగరెట్లు అమ్మే పెద్ద కంపెనీల చేతనే కిరాణా కొట్లకు చేరవేయించారు. తిరువనంతపురంలో హిందుస్థాన్ లాటెక్స్ ప్రభుత్వ కర్మాగారం 1969లో ఉత్పత్తి ప్రారంభించింది. తిరగేసిన ఎర్ర త్రిభుజం ప్రతి గోడ మీదా, బస్సు వెనకా కనబడేది. "ఇద్దరు లేక ముగ్గురు చాలు", ఆ తరువాత "మేమిద్దరం, మాకిద్దరు", "చిన్న కుటుంబం - చింతలేని కుటుంబం". ఈ నినాదాలు మన పిల్లలు అక్షరాలు కూడబలుక్కుంటూ పైకి చదివితే, మనం మాట మార్చేవాళ్ళం.

గోడ మీద ఉన్న మాట కొట్లో అడగడం మటుకు కష్టం. ఊళ్ళో కొట్టువాడికి మామగారు తెలుసు. అందుకని పక్క ఊరి సంతలో కొనేవారు. కొట్లో ఆడవాళ్ళు లేకుండా చూసి, ముందు అగ్గిపెట్టె అడిగి, తరువాత తలనొప్పి మాత్ర అడిగి, చివరికి వేలితో చూపించేవారు. అతను పాత పేపరులో చుట్టి ఇచ్చేవాడు. ఇంట్లో దాచడం మరో సమస్య. ట్రంకుపెట్టె అడుగున, దేవుడి పటం కాక మిగిలిన పటాల వెనుక. ఎంత దాచినా పిల్లలకు దొరికేది, వాళ్ళు బుడగ ఊది వీధిలోకి పరుగెత్తేవారు. వాడిన తరువాత పారేయడం ఇంకో బాధ. ఉమ్మడి దొడ్డి, ఉమ్మడి చెత్తకుండీ.

ఇన్ని ఇబ్బందుల మధ్య కూడా ఆ పొట్లం వాడిన భర్తలను నేను గౌరవిస్తాను. భార్య రెండో కాన్పులో చచ్చి బతికిందని తెలిసి, వారం వారం సైకిలు మీద పక్క ఊరు వెళ్ళి తెచ్చుకున్న ఒక గుమాస్తా గారు నాకు తెలుసు. ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన భార్య నాతో ఒక్క మాట అంది: "ఆయన మాట తప్పలేదమ్మా". ప్రేమ గురించి మన తరంలో ఇంతకన్నా పెద్ద మాట నేను వినలేదు.

గర్భనిరోధక మాత్ర అమెరికాలో 1960లోనే అనుమతి పొందినా మన పల్లెటూళ్ళకు బాగా ఆలస్యంగా చేరింది. మాలా-డి పేరుతో కొట్లలోకి వచ్చింది 1987లో. అట్టలో 21 మందు మాత్రలు, 7 ఇనుము మాత్రలు. రోజూ మరిచిపోకుండా వేసుకోవాలి. "ఏం మాత్రమ్మా అది?" అని అత్తగారు అడిగితే "బలానికి" అని చెప్పేవారు కోడళ్ళు. ఇనుము మాత్రలున్నాయి కనుక నాలుగో వంతు నిజమే! (నవ్వులు)

ఆపరేషను, సెలవు, ఇంక్రిమెంటు

ఇక కు.ని. ఆపరేషన్ల సంగతి. ఇది మన ఉద్యోగులందరికీ బాగా తెలిసిన అధ్యాయం. వేసెక్టమీ చేయించుకున్న పురుషోద్యోగికి ఆరు పనిదినాలు, ట్యూబెక్టమీ చేయించుకున్న మహిళా ఉద్యోగికి పద్నాలుగు రోజులు స్పెషల్ క్యాజువల్ లీవు ఇచ్చేవారు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1979 డిసెంబరు ఉత్తర్వులతో, చిన్న కుటుంబం పాటించి ఆపరేషన్ చేయించుకున్నందుకు ఒక ప్రత్యేక ఇంక్రిమెంటు పర్సనల్ పే రూపంలో వచ్చింది. ఏడవ వేతన సంఘం సిఫారసుతో 2017 జూలై నుంచి దాన్ని ఎత్తివేశారు. ఇంట్లో తల్లికి, చెల్లెలికి చెప్పుకోని సంగతి ఆఫీసులో సెక్షన్ క్లర్కుకు, క్యాషియరుకు, ఏజీ ఆఫీసుకు తెలిసేది!

1970లో, 71లో కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో పెట్టిన భారీ శిబిరాలు దేశమంతటికీ నమూనా అయ్యాయి. 1971 జూలై శిబిరంలో ఒక్క నెలలో అరవై వేలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. ఎక్కువ భాగం మగవారివి. అంటే ఆ రోజుల్లో మగవాళ్ళు ముందుకు వచ్చారు. ఈ మాట ఇప్పటి పిల్లలు నమ్మరు. ఆ తరువాత అత్యవసర పరిస్థితి. 1976-77 ఒక్క సంవత్సరంలో దేశంలో దాదాపు 82 లక్షల ఆపరేషన్లు జరిగాయి. వాటిలో అరవై లక్షలకు పైగా మగవారివే. చాలా రాష్ట్రాల్లో పంతుళ్ళకు, రెవెన్యూ వారికి మనుషుల్ని తెచ్చే కోటాలు పెట్టారు. ఒప్పించవలసిన చోట బలవంతం చేశారు. ఫలితం ఏమిటి? 1977లో ప్రభుత్వం మారింది, శాఖ పేరు కుటుంబ సంక్షేమం అయింది, మగవాడు ఈ కార్యక్రమం నుంచి తప్పుకున్నాడు. మళ్ళీ రాలేదు. ఆ బరువంతా భార్య మీద పడింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. వేసెక్టమీ అంటే బీజకణాలు వచ్చే సన్నని గొట్టాన్ని కత్తిరించి ముడివేయడం. దాని వల్ల మగతనం తగ్గదు, బలం తగ్గదు. కాని గొట్టంలో ముందే ఉన్న బీజకణాలు పోవడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. అంతవరకు నిరోధ్ వాడి, తరువాత పరీక్ష చేయించుకోవాలి. శిబిరంలో వందలమంది మధ్య ఈ మాట కొందరి చెవిన పడేది కాదు.

ఒక ఊళ్ళో ఇలాగే జరిగింది. భర్త ఆపరేషన్ చేయించుకున్నాడు, నెల్లాళ్ళకు భార్యకు నెల తప్పింది. అత్తగారు నానా మాటలూ అంది. ఆ మనిషి భార్య చేతి అన్నం తినడం మానేశాడు. మా డాక్టరు గారు అతన్ని పిలిపించి, కాగితం మీద గొట్టం బొమ్మ గీసి, తేదీలు వేసి, అరగంట కూర్చుని చెప్పారు. అతను నమ్మాడు, ఇంటికి వెళ్ళి అన్నం పెట్టమన్నాడు. అత్తగారు నమ్మడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది ఆ అమ్మాయి పడ్డ మాటలకు ఏ ప్రోత్సాహకం సరిపోతుంది? అందరికీ అలాంటి డాక్టరు దొరకలేదు. ఒక్క వాక్యం చెప్పకపోవడం వల్ల ఎన్ని కాపురాలు చెడ్డాయో ఏ రికార్డులోనూ లేదు.

లెక్క చూస్తే

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు కనే వయస్సులో ఉన్న వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. తెలంగాణలో సుమారు 62 మంది. మగవారి ఆపరేషన్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఒకటి కూడా లేవు, తెలంగాణలోనూ చాలా తక్కువ. అదే మగవారికి కత్తి గాటు, కుట్లు లేని సులువైన పద్ధతి 1990ల నుంచి మన దేశంలో ఉంది. పది, పదిహేను నిమిషాల పని. అయినా "ఆయన కష్టపడి పనిచేసే మనిషి, నేనే చేయించుకుంటాను" అని భార్యే అంటుంది. ఆమె కష్టపడి పనిచేసే మనిషి కాదా?

మన వైపు ఇంకొక అలవాటు పడింది. పెళ్ళయిన ఏడాదికి ఒకరు, మరో రెండేళ్ళకు ఇంకొకరు, వెంటనే ఆపరేషను. ఇరవై అయిదేళ్ళు నిండకుండానే ముగించిన తల్లులే ఎక్కువ. జననాలు తగ్గాయి. 1992-93లో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలుండగా, 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8 అయ్యింది. ఇది చిన్న విజయం కాదు. అయితే మన కార్యక్రమం ఆపడం నేర్పింది, ఆగడం నేర్పలేదు. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం, భార్యాభర్తలు కలిసి ఆలోచించుకోవడం, ఇవి వెనకబడిపోయాయి.

ఇప్పుడు గాలి మరోవైపు వీస్తోంది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీ చేయరాదని 1994 నుంచి ఉన్న నిబంధనను 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలగించింది. ఎక్కువమందిని కనండి అని నాయకులే అంటున్నారు. గోడ మీది నినాదం కాలాన్ని బట్టి మారుతుంది. ఎందరిని కనాలి, ఎప్పుడు కనాలి, అసలు కనాలా వద్దా అన్న నిర్ణయం మటుకు ఆ దంపతులది. మన తరానికి దక్కనిది అదే.

కొన్ని మనవులు

పెద్దలుగా మనం చేయదగినవి కొన్ని చెప్పి ముగిస్తాను.

మొదటిది. మనవరాలికి పెళ్ళయిన మూడో నెల నుంచే "ఏమన్నా విశేషమా?" అని అడగడం మానేద్దాం. ఆ ప్రశ్న మనల్ని ఎంత బాధించిందో మనకు గుర్తుంది. ఆలస్యమైతే కోడలిని ఒక్కదాన్నే ఆసుపత్రులకు తిప్పవద్దు. లోపం మగవాడిలోనూ ఉండవచ్చు. పరీక్ష ఇద్దరికీ జరగాలి.

రెండవది. పిల్లలు మన ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళకొక గది, ఆ గదికొక గడియ ఇవ్వండి. మనం దగ్గకుండా పడుకుందాం. (నవ్వులు)

మూడవది. మనవడికి కూడా చెప్పండి. 1980లు, 90లలో డాక్టర్ సమరం గారి వంటివారు పత్రికల్లో ఈ విషయాలు తెలుగులో విడమరిచి రాస్తే, ఆ పేజీలు పిల్లలకు కనబడకుండా మడిచి దాచాము. ఇప్పుడు దాచినా దాగదు. చేతిలో ఫోను ఉంది, అందులో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. తాత చెబితే మనవడు వింటాడు. భార్య వద్దంటే వద్దని అర్థమని, జాగ్రత్త భర్త బాధ్యత కూడానని తాత నోట వినాలి.

నాలుగవది, నా సోదరీమణులకు. ఎప్పుడో లూపో, కాపర్-టీయో వేయించుకుని తీయించుకోవడం మరిచిపోయినవారు ఉండవచ్చు. ముట్లు ఆగిపోయాక దాన్ని లోపల ఉంచుకోకూడదు. డాక్టరుకు చూపించి తీయించుకోండి. అలాగే ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా, నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. క్యాన్సరు కాదని తేల్చుకోవాలి. తొందరగా చూపిస్తే నయమవుతుంది. కోడలికి చెప్పడానికి సిగ్గుపడి ఆరు నెలలు దాచినవారిని నేను చూశాను. గర్భసంచి తీసేయాలని ఎవరన్నా అంటే మటుకు ఇంకొక డాక్టరు అభిప్రాయం కూడా తీసుకోండి. ఆ ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనవి ఉన్నాయి.

చివరిది, సోదరులకు. యాభై ఏళ్ళు కాపురం చేశారు. ప్రతి నెలా తేదీ దాటితే ఆమె ఎంత హడలిపోయిందో, ఆపరేషన్ బల్ల మీద ఆమెకు ఏమనిపించిందో, ఎన్నడైనా అడిగారా? నేను ఇళ్ళకు వెళ్ళినప్పుడు చాలామంది ఆడవాళ్ళు అన్న మాట, "నన్నెవరడిగారమ్మా?" అని. ఇప్పుడు ఇంట్లో ఇద్దరే ఉంటున్నారు. వినేవాళ్ళు లేరు, దగ్గేవాళ్ళు లేరు. టీవీ కట్టేసి ఒక సాయంత్రం అడగండి. ఆమె మొదట "ఇప్పుడెందుకండీ ఆ సంగతులు" అంటుంది. అయినా కూర్చోండి. చెబుతుంది.